భయం ఎరుగని బిడ్డకు దయ ఎలా అబ్బుతుంది?

కనికరం పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అన్న ప్రశ్నకు ప్రతి మతమూ తనదైన జవాబు వెతుక్కుంది. గత ముప్పై ఏళ్లుగా మనస్తత్వశాస్త్రం అదే ప్రశ్నను ఇంకో వైపు నుంచి అడుగుతోంది: కొందరు పిల్లల్లో ఆ కనికరం ఎందుకు అంత తక్కువగా కనిపిస్తుంది? కళ్లముందు ఒకరు ఏడుస్తున్నా చలించకపోవడం, తప్పు చేశాక నొచ్చుకోకపోవడం, చదువులోనో పనిలోనో వెనకబడినా లెక్కచేయకపోవడం, సంతోషమైనా దుఃఖమైనా పైపైన మాత్రమే ఉండటం అనే నాలుగింటినీ కలిపి పరిశోధకులు ‘కాలస్–అన్ఎమోషనల్’ లక్షణాలు అంటున్నారు. తెలుగులో భావకాఠిన్యం అనుకోవచ్చు. 1990లలో అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ ఫ్రిక్, ఆయన సహచరులు వీటిని పిల్లల్లో విడిగా గుర్తించి కొలవడం మొదలుపెట్టారు. 2013లో వెలువడిన డీఎస్‌ఎమ్-5 అనే రోగనిర్ధారణ గ్రంథం వీటికి చోటిచ్చింది.

అక్కడ పెట్టిన షరతులు చాలా ముఖ్యమైనవి. ఈ మాటను ఏ పిల్లవాడికి పడితే ఆ పిల్లవాడికి తగిలించడానికి లేదు. ఇతరులను పదేపదే హింసించడం, దొంగతనాలు, అబద్ధాలు వంటి తీవ్రమైన ప్రవర్తనా రుగ్మత ముందే నిర్ధారణ అయి ఉండాలి. ఆపైన ఆ నాలుగు లక్షణాల్లో కనీసం రెండు 12 నెలలపాటు, ఒక్క ఇంట్లోనో ఒక్క బడిలోనో కాకుండా వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల దగ్గర కనిపించాలి. ఐదేళ్ల పిల్లవాడు ఒకసారి కుక్కపిల్ల తోక మెలిపెట్టి నవ్వితే అది రుగ్మత కాదు. ఆటిజం ఉన్న పిల్లలను కూడా చాలామంది పొరపాటున ఈ గాటనే కడతారు. వాస్తవం దాదాపు తలకిందులు. ఆటిజం ఉన్న బిడ్డకు ఎదుటివాడి మనసులో ఏముందో పోల్చుకోవడం కష్టం కావచ్చు, కానీ ఆ బాధ తెలిసిందంటే కదిలిపోతాడు. భావకాఠిన్యం ఉన్న బిడ్డకు ఎదుటివాడి మనసు బాగానే తెలుస్తుంది, అది తనను తాకదు అంతే. ఎసీ వైడింగ్ బృందం 2010లో ఈ రెండు గుంపుల బాలురనూ పక్కపక్కన పెట్టి పరిశీలించినప్పుడు ఈ తేడా స్పష్టంగా బయటపడింది.

మామూలుగా సహానుభూతి ఎప్పుడు మొదలవుతుందో చూస్తే ఈ లోటు ఎక్కడిదో అర్థమవుతుంది. పురిటి గదిలో ఒక శిశువు ఏడిస్తే పక్క శిశువూ ఏడుపు అందుకుంటుందని 1970లలోనే ప్రయోగాలు చూపాయి. అది ఇంకా దయ కాదు, దయకు మట్టి. ఏడాది దాటి రెండేళ్లు నిండేలోపు పిల్లల్లో పెద్ద మార్పు వస్తుంది. అమ్మ చేతికి దెబ్బ తగిలితే దగ్గరికొచ్చి నిమురుతారు, తమ బొమ్మ తెచ్చి ఆమె ఒళ్లో పెడతారు. కరోలిన్ జాన్–వాక్స్‌లర్, మరియన్ రాడ్కే–యారో ఇళ్లలో తల్లుల చేతనే ఈ క్షణాలను రాయించి 1979లో ప్రచురించారు. 18 నెలల పిల్లలు, అడగకుండానే, చేతులు ఖాళీ లేని పెద్దమనిషికి బీరువా తలుపు తీసి పెడతారని 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టొమసెల్లో చూపించారు. ఆరునెలల పసికందు కూడా సాయం చేసే బొమ్మనే ఎంచుకుంటుందన్న 2007 నాటి ప్రఖ్యాత ప్రయోగం మాత్రం, తర్వాత అనేక దేశాల ప్రయోగశాలలు కలిసి పెద్ద ఎత్తున చేసి చూసినప్పుడు అదే ఫలితం ఇవ్వలేదు. కాబట్టి మంచితనం పొత్తిళ్లలోనే పూర్తిగా ఉంటుందని చెప్పడం తొందరపాటు. దానికి మొలకెత్తే శక్తి ఉంటుంది, మొలకెత్తడానికి మనుషులు కావాలి అన్నంతవరకు నిలబడుతుంది.

ఆ మొలకను పెంచే తీరు గురించి మనస్తత్వవేత్త మార్టిన్ హాఫ్‌మన్ చేసిన గమనిక విలువైనది. పిల్లవాడు తప్పు చేసినప్పుడు పెద్దలు మూడు పనుల్లో ఒకటి చేస్తారు: కొడతారు లేదా బెదిరిస్తారు, మాట్లాడటం మానేసి దూరం పెడతారు, లేదా అతడు చేసిన పని ఎవరిని ఎలా బాధపెట్టిందో చూపిస్తారు. “నువ్వు గుంజుకుంటే తమ్ముడు ఎట్ల ఏడుస్తుండో చూడు” అనే ఆ మూడో మాటే ఎదుటివాడి కన్నీటికీ తన చేతికీ మధ్య ఉన్న సంబంధాన్ని బిడ్డ మనసులో నాటుతుంది. మందలింపులో కోపం మితిమీరితే బిడ్డ దృష్టి ఏడుస్తున్న తమ్ముడి మీద నుంచి తన ఒంటి మీద పడబోయే దెబ్బ మీదకు మళ్లుతుంది. సాధారణ పిల్లల్లో ఈ పద్ధతి పనిచేయడానికి కారణం, తమ్ముడి ముఖంలోని బాధ వాళ్లను నిజంగానే కలవరపెడుతుంది.

కొందరిని అది కలవరపెట్టదు. భయంతో ఉన్న ముఖాల బొమ్మలు చూపినప్పుడు ఈ పిల్లల మెదడులో అమిగ్డలా అనే భాగం మామూలుకంటే తక్కువగా స్పందిస్తుందని 2008లో అబిగైల్ మార్ష్ బృందం, 2009లో ఆలిస్ జోన్స్ బృందం స్కానింగ్ ద్వారా తెలుసుకున్నాయి. వాళ్లు ఆ ముఖాల్లో భయాన్ని సరిగా గుర్తించలేరు కూడా. ఆస్ట్రేలియాలో మార్క్ డాడ్స్ 2006లో చేసిన ఓ చిన్న పరీక్ష ఇక్కడ ఆశ కలిగిస్తుంది. బొమ్మలోని మనిషి కళ్లవైపే చూడమని చెబితే చాలు, ఆ బాలురు భయాన్ని మిగతా పిల్లలంత చక్కగా పోల్చుకున్నారు. అది ఆ కాసేపే నిలిచే మార్పు. అయినా అందులో ఒక పెద్ద విషయం ఉంది: ఆ పిల్లల్లో చూడగల శక్తి పోలేదు, చూపు కళ్లమీద నిలవడం లేదు. తల్లి కళ్లలోకి చూడటం పసితనంలోనే తక్కువైతే, మనసు నేర్చుకోవాల్సిన తొలి పాఠాలు ఎన్ని జారిపోతాయో ఊహించవచ్చు.

వంశపారంపర్యం సంగతి తప్పించుకోలేనిది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994–96 మధ్య పుట్టిన వేలాది కవలలను అనుసరిస్తూ వచ్చిన అధ్యయనంలో, ఏడేళ్ల వయసులో ఉపాధ్యాయులు ఇచ్చిన సమాచారాన్ని వైడింగ్ బృందం 2005లో విశ్లేషించింది. భావకాఠిన్యం చాలా ఎక్కువగా ఉండటంలో సుమారు 67 శాతం వరకు జన్యువుల పాత్ర ఉందని తేలింది. భావకాఠిన్యంతో కూడిన దుష్ప్రవర్తనలో జన్యు ప్రభావం 81 శాతం, అది లేని దుష్ప్రవర్తనలో 30 శాతం. ఈ అంకెలు గుంపులో మనుషుల మధ్య తేడాలకు సంబంధించినవి. ఒక్క పిల్లవాడిని పట్టుకుని ‘వీడిలో 67 పాళ్లు తాతల నుంచి వచ్చింది’ అనడం గణితం తెలియని మాట. 2016లో ల్యూక్ హైడ్, రెబెకా వాలర్ తదితరులు 561 దత్తత కుటుంబాల మీద ప్రచురించిన ఫలితాలు ఈ చిత్రానికి రెండో సగం అందించాయి. కన్నతల్లిలో సంఘవ్యతిరేక ప్రవర్తన ఎక్కువగా ఉంటే, ఆమె పెంచకపోయినా, 27 నెలల బిడ్డలో ఈ లక్షణాల ఛాయలు కనిపించాయి. కానీ బిడ్డకు 18 నెలల వయసున్నప్పుడు పెంచిన తల్లి ఆప్యాయంగా మెచ్చుకుంటూ ఉన్నచోట ఆ పుట్టుక ప్రభావం పనిచేయలేదు. రక్తం ఒకవైపు లాగింది, ఒడి మరోవైపు లాగింది, ఒడి నెగ్గింది.

రక్తమా, ఒడా అన్న ఈ ప్రశ్న మన పురాణ కథల్లోనూ ఉంది. తెలంగాణలోని సూర్యాపేట జిల్లా మఠంపల్లి మండలంలో, కృష్ణ ఒడ్డున మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. మిర్యాలగూడ వైపున మూసీ–కృష్ణల సంగమం దగ్గర వాడపల్లి నరసింహుడు ఉన్నాడు. కృష్ణాతీరంలో పంచ నారసింహ క్షేత్రాలుగా పేరున్న వాటిలో ఈ రెండూ ఉన్నాయి. ఈ నేల మీద పెరిగే బిడ్డకు ప్రహ్లాదుడి కథ తెలియకుండా ఉండదు. దయలేనితనం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆ కథలో ఉన్నంత లోతైన ఆలోచన మరెక్కడా అంత సులువుగా దొరకదు. చాలామంది దాన్ని భక్తికీ గర్వానికీ జరిగిన పోరుగా మాత్రమే చదువుతారు.

భాగవతం చెప్పే వంశావళినే చూస్తే, దేవతలకూ దైత్యులకూ తండ్రి ఒక్కడే, కశ్యపుడు. తల్లులు అదితి, దితి. సంధ్యవేళ పట్టుబట్టి భర్తను కోరిన దితికి ఇద్దరు క్రూరులు పుడతారని కశ్యపుడు ముందే చెప్పాడు. అదే నోటితో మనవడు మహాభక్తుడు అవుతాడనీ చెప్పాడు. అంటే పుట్టుక వేళ, తల్లి స్థితి బిడ్డ స్వభావాన్ని మలుస్తాయని పురాణం ఒప్పుకుంది; ఆ స్వభావం తర్వాతి తరాన్ని బంధించదనీ ఒప్పుకుంది. అంతకుముందున్న మెట్టు ఇంకా గొప్పది: హిరణ్యాక్ష హిరణ్యకశిపులు వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులు, శాపం వల్ల దైత్యులై పుట్టినవారు. క్రూరత్వం వాళ్లకు తగిలిన దశ, వాళ్ల అసలు గుణం కాదు. భగవద్గీత 16వ అధ్యాయం మనుషుల్లో దైవీ సంపదను, ఆసురీ సంపదను వేరు చేస్తుంది. మూడో అధ్యాయమైతే ప్రాణులు తమ ప్రకృతినే అనుసరిస్తాయి, నిగ్రహం ఏం చేయగలదని ప్రశ్నిస్తుంది. ఆ వెంటనే రాగద్వేషాల వశం కావద్దనీ చెబుతుంది. స్వభావం బలమైనది, కానీ అదే చివరి మాట కాదు అన్న భావం ఈ రెండు గ్రంథాల్లోనూ ఉంది. ‘అసుర పుట్టుక’ అని ఒక పిల్లవాడిని ఈసడించేవాళ్లకు వీటిలో ఆధారం దొరకదు.

ప్రహ్లాదుడి తండ్రి హిరణ్యకశిపుడిది రాతి గుండె అని కూడా అనలేం. తమ్ముడు హిరణ్యాక్షుడు చనిపోతే అతడు విలవిల్లాడాడు. ఏడుస్తున్న తల్లినీ మరదలినీ దగ్గర కూచోబెట్టుకుని, దేహం పోయినా ఆత్మ పోదని నచ్చజెప్పాడు. కొడుకును ఒళ్లోకి తీసుకుని, ఏం చదివావు నాయనా అని లాలనగా అడిగాడు. అతడి కాఠిన్యం భావం లేక వచ్చింది కాదు. దుఃఖం పగగా మారితే వచ్చింది. పరిశోధకులు ఈ తేడాను చాలా కాలంగా గమనిస్తున్నారు. బెన్ కార్ప్‌మన్ 1941లోనే, పుట్టుకతో స్పందన తక్కువైన మనుషులను, దెబ్బలు తిని మొద్దుబారిన మనుషులను వేరుగా చూడాలన్నాడు. ఈ రెండో తరహా పిల్లల్లో బయటికి కనిపించే చల్లదనం వెనక ఎంతో ఆందోళన దాగి ఉంటుంది. రుమేనియా అనాథాశ్రమాల్లో తాకే చేయి లేక పెరిగిన పిల్లల మీద 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనం దీనికి బలమైన సాక్ష్యం. కొందరు పిల్లలను లాటరీ పద్ధతిలో పెంపుడు ఇళ్లకు పంపారు. మిగిలినవారికి ఎప్పటిలాగే సంస్థాగత సంరక్షణ సాగింది. 12 ఏళ్లు వచ్చేసరికి, అలా పంపని బాలురకంటే పెంపుడు ఇళ్లకు వెళ్లిన బాలురలో భావకాఠిన్యం తక్కువగా ఉందని 2015లో ప్రచురించారు.

ఇక ప్రహ్లాదుడు. ఇతడి గుణాల్లో భక్తి అందరికీ కనిపిస్తుంది, నిర్భయత్వం అంతగా చర్చకు రాదు. ఏనుగులు, పాములు, విషం, నిప్పు, కొండ మీద నుంచి తోయడం, ఏదీ అతణ్ని బెదిరించలేదు. దండనకు లొంగని బిడ్డ అతడు. పిల్లల్లో మనస్సాక్షి ఎలా పుడుతుందో దశాబ్దాలపాటు పరిశీలించిన గ్రజీనా కొహాన్స్కా 1990లలో తేల్చిన విషయం ఇక్కడ చక్కగా సరిపోతుంది. భయస్తులైన పిల్లలకు తల్లి సౌమ్యంగా చెప్పే చిన్న మందలింపే చాలు, మంచిచెడ్డలు లోపలికి ఇంకుతాయి. భయం ఎరుగని పిల్లల విషయంలో మందలింపు మెత్తగా ఉన్నా గట్టిగా ఉన్నా పెద్ద తేడా రాలేదు. వాళ్లలో మనస్సాక్షిని పెంచింది తల్లితో ఉన్న గట్టి బంధం, ఇద్దరూ ఒకరి మాట ఒకరు సంతోషంగా వినడం. నిర్భయత్వం దానంతట అది చెడ్డ గుణం కాదు. దానికి ఆప్యాయత తోడైతే ధైర్యవంతుడైన దయామయుడు తయారవుతాడు, తోడు కాకపోతే ఎవరి కన్నీరూ పట్టనివాడు తయారయ్యే ప్రమాదం ఉంది.

ప్రహ్లాదుడికి ఆ తోడు ఎక్కడ దొరికిందో భాగవతం దాచలేదు. తండ్రి తపస్సుకు వెళ్లినప్పుడు ఇంద్రుడు గర్భవతి అయిన తల్లిని ఈడ్చుకుపోతుంటే నారదుడు అడ్డుపడి తన ఆశ్రమానికి తీసుకెళ్లాడు. తెలుగువారు పోతన భాగవతం ద్వారా లీలావతిగా ఎరిగిన ఆ తల్లి అక్కడ భయం లేకుండా బతికింది, మంచి మాటలు వింది, కడుపులోని బిడ్డా విన్నాడు. గర్భంలో పాఠాలు వినడాన్ని అక్షరాలా నమ్మినా నమ్మకపోయినా, అభద్రత అంచున ఉన్న ఒక గర్భిణిని ఎవరో ఆదుకోవడమే ఆ బిడ్డ దయకు మూలమని కథకుడు గుర్తించడం గొప్ప సంగతి. నరసింహుడు ప్రత్యక్షమయ్యాక ప్రహ్లాదుడు చేసిన పనులు కూడా గమనించాలి. దిక్కులేని ఈ జనాన్ని వదిలి తానొక్కడే ముక్తి పొందలేనన్నాడు. తనను చంపబోయిన తండ్రి పాపం తొలగాలని వరం అడిగాడు.

ప్రహ్లాదుణ్ని దండనతో లొంగదీయాలని తండ్రి వాడిన పద్ధతి ఎందుకు విఫలమైందో కూడా ఆధునిక పరిశోధన చెబుతుంది. డేవిడ్ హాస్, మార్క్ డాడ్స్ 2005లో నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బాలుర తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చారు. మంచి పనిని వెంటనే మెచ్చుకునే భాగం అందరికీ సమానంగా పనిచేసింది. తప్పు చేస్తే కాసేపు విడిగా కూచోబెట్టే భాగం మాత్రం భావకాఠిన్యం ఉన్న పిల్లల మీద సరిగా పనిచేయలేదు. అలా కూచోబెట్టినా వాళ్లు పెద్దగా బాధపడలేదు. తర్వాత ఆస్ట్రేలియాలో ఎవా కిమోనిస్ బృందం ఈ పిల్లల కోసమే ఒక చికిత్సను మలిచింది. అందులో తల్లిదండ్రులు వెచ్చగా దగ్గరకు తీసుకోవడం, శిక్షకంటే ప్రశంసకు పెద్దపీట వేయడం, ముఖాల్లో భావాలు చదవడం నేర్పడం ఉంటాయి. ప్రశంస అంటే లంచం కాకూడదన్న హెచ్చరిక కూడా అవసరమే. సాయం చేసినందుకు బొమ్మలు బహుమతిగా పొందిన 20 నెలల పిల్లలు తర్వాత సాయం చేయడం తగ్గించారని వార్నెకెన్, టొమసెల్లో 2008లో చూపారు. నోటి మెప్పు అలాంటి నష్టం చేయలేదు.

తెలుగు నేల మీద ఈ జ్ఞానానికీ ఆచరణకూ మధ్య దూరం బాధ కలిగించేంత ఉంది. 2002 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సుమారు 3000 మంది పిల్లలను అనుసరిస్తున్న ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలో, ఎనిమిదేళ్ల వయసు పిల్లల్లో మూడొంతులకు పైగా గడిచిన వారంలో బడిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించింది. భయపడే పిల్లలను ఆ బెత్తం ఇంకా భయపెడుతుంది. భయపడని పిల్లలకు దాని వల్ల తెలిసేది ఒక్కటే, బలమున్నవాడు బలంలేనివాణ్ని బాధపెట్టవచ్చని.

మఠంపల్లిలో కథోలిక సంప్రదాయమూ పాతుకుని ఉంది. క్రైస్తవ చింతనలో ఇదే ప్రశ్న జన్మపాపం రూపంలో వస్తుంది. సుమారు 397–400 మధ్య రాసిన ‘కన్ఫెషన్స్’లో క్రైస్తవ వేదాంతి అగస్టీన్, తనతోపాటు పాలుతాగే మరో శిశువును చూసి అసూయతో పాలిపోయిన ఒక పసివాణ్ని ప్రస్తావిస్తాడు. పసితనపు అమాయకత్వం అవయవాల బలహీనతలో ఉంది కానీ మనసులో లేదని అతడి అభిప్రాయం. అది కఠినంగా వినిపించినా, అదే అగస్టీన్ ఆ లోపాన్ని మానవులందరిలోనూ చూశాడు. కొందరు పిల్లలను మాత్రమే చెడ్డవాళ్లుగా వేరుచేయడానికి ఆ సిద్ధాంతంలో తావులేదు. మరో చోట చర్చి ఆలోచన ఇంకా సూక్ష్మంగా నడిచింది. పాపసంకీర్తనానికి, అంటే పాపాలు ఒప్పుకునే సంస్కారానికి, పశ్చాత్తాపం కావాలి. దేవునిపై ప్రేమతో కలిగేది పరిపూర్ణమైనది, శిక్ష భయంతో కలిగేది అసంపూర్ణమైనది అని 1551లో ట్రెంట్ మహాసభ వివరించింది. అసంపూర్ణమైనదైనా సంస్కారానికి చాలునని చర్చి అంటుంది. భయమూ నొచ్చుకోవడమూ రెండూ తక్కువైన బిడ్డను ఏ తలుపు గుండా లోపలికి రానివ్వాలన్నది బోధకులకు నిజమైన ప్రశ్న. బిడ్డకు వివేకం వచ్చే వయసు సుమారు ఏడేళ్లని 1910లో పదో పయస్ పాపు నిర్ణయించారు. కానీ ఏడేళ్లకు తర్కం వచ్చినా, భావం వచ్చిందని హామీ లేదు.

జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథం ఇక్కడ పనికొస్తుంది. స్వభావరీత్యా చల్లని మనిషిని, ఇతరుల కష్టాలు పెద్దగా పట్టని మనిషిని అతడు ఊహించి చూపాడు. అలాంటివాడు కేవలం కర్తవ్యమని తెలిసి మేలు చేస్తే, మెత్తని మనసువాడి మేలుకంటే దానికే ఎక్కువ నైతిక విలువ ఉందని వాదించాడు. జాలి గొప్పదనాన్ని ఇది తగ్గించి చూస్తుందని ఆక్షేపించవచ్చు, ఆ ఆక్షేపణలో బలం ఉంది. కానీ భావకాఠిన్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు కాంట్ మాటలో ఊరట ఉంది. కన్నీరు రాని బిడ్డ కూడా మంచివాడు కాగలడు. మాట తప్పకపోవడం, పంచుకోవడం, దెబ్బతిన్నవాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లడం అలవాటుగా, నియమంగా నేర్చుకోగలడు. అనుభూతి తర్వాత రావచ్చు, కొంతే రావచ్చు. అది వచ్చేదాకా మంచితనాన్ని ఆపాల్సిన పనిలేదు.

మఠంపల్లికి ఎగువన అదే కృష్ణా లోయలో నాగార్జునకొండ, అదే సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి బౌద్ధ క్షేత్రం ఉన్నాయి. ఒక శాతవాహన రాజుకు ఆచార్య నాగార్జునుడు చెప్పిన హితంగా సంప్రదాయం భావించే ‘రత్నావళి’లో శిక్ష గురించిన భాగం ఈ చర్చకు ఎంతో దగ్గరగా వస్తుంది. ఘోరమైన పాపం చేసినవారి మీదే మరింత కరుణ చూపాలని ఆయన రాజుకు చెప్పాడు. అయోగ్యులైన కొడుకులను యోగ్యులను చేయాలని తండ్రి దండించినట్టు, ద్వేషంతోనూ ధనాశతోనూ కాక దయతో దండించాలన్నాడు. తక్కువ దయ ఉన్నవాడికి ఎక్కువ దయ బాకీ ఉందన్న ఈ ఆలోచన, ఇప్పుడు చికిత్సా పరిశోధనలు వేరే దారిలో చేరుకున్న చోటే ఉంది.

చట్టం ఈ పిల్లల విషయంలో ఎక్కడ నిలబడిందో చూడటం మిగిలి ఉంది. ఏడేళ్లలోపు బిడ్డ చేసిన పని నేరం కాదని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పింది. ఏడు నుంచి పన్నెండు మధ్య ఉన్నవారికి తాము చేసేదేమిటో తెలిసే పరిణతి లేకపోతే అదీ నేరం కాదంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 20, 21 సెక్షన్లలో దీన్ని అలాగే ఉంచింది. 2015 బాలల న్యాయ చట్టం 15వ సెక్షన్ కింద, 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారు ఘోర నేరం చేశారన్న ఆరోపణ వస్తే బాలల న్యాయ బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది. ఆ బాలుడికి ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానాలు అర్థమయ్యాయా అని చూస్తుంది. భావకాఠిన్యం ఉన్న బాలుడు ఈ పరీక్షలో తేలిగ్గా ‘సమర్థుడు’గా తేలతాడు, ఎందుకంటే పర్యవసానాలు అతడికి తెలుసు. అతడికి లేనిదేమిటో ఆ పరీక్ష అడగదు. అదే చట్టం 20వ సెక్షన్ ప్రకారం, 21 ఏళ్లు నిండేసరికి శిక్షాకాలం మిగిలి ఉంటే బాలల న్యాయస్థానం అతడిలో సంస్కరణ వచ్చిందో లేదో మదింపు చేయించాలి. అక్కడ పశ్చాత్తాపపు కన్నీళ్ల కోసం వెతికితే ఈ బాలుర విషయంలో తప్పుదారి పట్టే అవకాశం ఎక్కువ: కొందరు అవి లేకుండానే మారతారు, కొందరు అవసరానికి తెచ్చుకుంటారు. ఇన్నేళ్లలో ఎవరితో ఎలా మెలిగాడు, చేసిన హానికి ఏం పూడ్చాడు, అతణ్ని నమ్మి చేయిపట్టుకున్న ఒక్క పెద్దమనిషైనా ఉన్నాడా అన్నవి ఆ మదింపులో రాయదగిన సంగతులు.